పద్మిని హైవే మీదే ఎందుకు ఆగిపోతోంది?

నాన్నగారి 1984 ప్రీమియర్ పద్మిని కారు ఇది. ఆయన పోయాక నేనే చూసుకుంటున్నాను. రాజమండ్రి ఊళ్లో ఎంత తిప్పినా ఏమీ అనదు. హైవే ఎక్కి 60లో ఓ పావుగంట నడిపితే మాత్రం గుంజడం తగ్గిపోతుంది, దగ్గినట్టు జర్కులిస్తుంది, ఆగిపోతుంది. పది నిమిషాలు పక్కన పెడితే మళ్లీ మామూలుగా స్టార్ట్ అవుతుంది. పోయిన నెల అమ్మను అన్నవరం తీసుకెళ్తుంటే రాజానగరం దాటాక ఒకసారి, జగ్గంపేటకు ముందు ఇంకోసారి ఆగింది. అమ్మ వెనక సీట్లో ఉంది, లారీలు ఆనుకుని పోతున్నాయి. ఆ టెన్షన్ ఇంకా పోలేదు.

పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజనుకు పంపే కార్బురేటర్ రెండుసార్లు కడిగించాను. స్పార్క్ ఇచ్చే కాయిల్, కండెన్సర్ కొత్తవే. మెకానిక్ ఇప్పుడు ట్యాంకు నుంచి పెట్రోల్ లాగే పాత పంపు తీసేసి ఎలక్ట్రిక్ పంపు పెడదామంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు. పంపే పాడైందని ఎలా తేల్చుకోవాలి?

జవాబు 1
వేడికి పైపులో పెట్రోల్ ఆవిరైపోతుందండి, వేపర్ లాక్. పంపు మీద తడిగుడ్డ చుట్టి చూడండి. ఎండాకాలం మా అంబాసిడర్‌కి అదే చేసేవాళ్లం.

ప్రశ్న వేసినవారు
ఆగింది జనవరిలో, పొద్దున్న ఏడింటికండి. చలిగానే ఉంది.

జవాబు 2
అయితే వేపర్ లాక్ మీద నాకు అనుమానమే. కాయిల్ పోతే బండి మామూలుగా టక్కున ఆగుతుంది. దగ్గుతూ ఆగిందంటే చాలావరకు పెట్రోల్ అందకపోవడమే. కార్బురేటర్ ఫ్లోట్ గిన్నెలో ఉండేది కొంచెమే. ఊళ్లో నెమ్మదిగా వచ్చినా సరిపోతుంది, హైవే మీద వచ్చేదానికన్నా వాడకం ఎక్కువై గిన్నె ఖాళీ అవుతుంది.

దయచేసి ఇంటి దగ్గర చూడకండి, అక్కడ అన్నీ బాగానే కనిపిస్తాయి. బండి ఆగిన చోటే చూడాలి. జర్కు మొదలవగానే చోక్ కొంచెం లాగండి, అది గాలి తగ్గించి పెట్రోల్ పాలు పెంచుతుంది. కాసేపు తేరుకుంటే పెట్రోల్ తక్కువైనట్టే. పక్కన ఆపగానే ముందు ట్యాంకు మూత తిప్పండి. గాలి 'హుస్స్' మని లోపలికి పీల్చుకుంటే మూతకుండే గాలి రంధ్రం మూసుకుపోయింది, పని అక్కడితో అయిపోయింది.

లేకపోతే కాయిల్ వైరు పీకేసి, ఇంజను కాస్త చల్లారనిచ్చి, కార్బురేటర్ దగ్గరి పైపు ఊడదీసి సీసాలో పెట్టి సెల్ఫ్ కొట్టించండి. పెట్రోల్ చిమ్మి చిమ్మి రావాలి. సన్నగా వస్తే పంపును అప్పుడే తిట్టకండి. పంపులోకి వచ్చే పైపు కూడా తీసి, అక్కడ ఒక కొత్త రబ్బరు ముక్క తగిలించి రెండో సీసాలోని పెట్రోల్‌లో ముంచండి. ఇప్పుడు బాగా చిమ్మితే పంపు మంచిదే, లోపం దానికీ ట్యాంకుకీ మధ్య ఉంది. చాలామంది ఈ ఒక్క పరీక్ష చేయక మంచి పంపులు పారేస్తారు. నాకు బాధ అదే.

పక్కన ఒక మనిషిని, మంటలార్పే సిలిండర్‌ను ఉంచుకోండి. పెట్రోల్ చుక్క సైలెన్సర్ మీద పడకూడదు.

ఎలక్ట్రిక్ పంపు ఇప్పుడే వద్దు. ప్రెషర్ ఎక్కువున్నది పెడితే, గిన్నె నిండగానే పెట్రోల్‌ను ఆపే నీడిల్ వాల్వ్ ఆపలేక కార్బురేటర్ పొంగుతుంది. పైగా వెనక పైపులో అడ్డు ఉంటే ఏ పంపు పెట్టినా ఒకటే.

ప్రశ్న వేసినవారు
ఆదివారం ఒక్కణ్ణే రాజానగరం దాకా వెళ్లాను, మా బావమరిది బైక్ మీద వెనకాలే వచ్చాడు. అనుకున్న చోటే ఆగింది. చోక్ లాగితే ఒక అర కిలోమీటరు లాగింది. మూత దగ్గర చప్పుడేమీ లేదు. సీసాలోకి పెట్రోల్ దారంలా వచ్చింది. రెండో సీసా పెట్టగానే జివ్వున చిమ్మింది!

పంపుకు ముందున్న జానెడు రబ్బరు పైపు ఊడదీసి బ్లేడుతో నిలువునా కోశాను. పైన నల్లగా, గట్టిగా, కొత్తదానిలా ఉంది. లోపలి పొర ఉబ్బి, విడిపోయి, అగ్గిపుల్ల దూరేంత సందు మిగిలింది. ఎక్కడా ఒక్క చుక్క కారలేదు కాబట్టి అటువైపు ఎవరూ చూడలేదు.

జవాబు 2
పంపు గట్టిగా పీల్చినప్పుడు ఆ పొర ముడుచుకుని దారి మూసేస్తుంది, ఆపితే మళ్లీ తెరుచుకుంటుంది. మీ పది నిమిషాల లెక్క అదే. ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది 20 శాతం దాకా ఇథనాల్ కలిసిన పెట్రోల్, పాత రకం రబ్బరు దానికి ఆగదు. ఇథనాల్‌కు తట్టుకునే పైపు అని అడిగి కొనండి. ట్యాంకు దగ్గర ఇంకో రబ్బరు ముక్క ఉంటుంది, అదీ మార్చండి. అమ్మగారిని ఎక్కించుకునే ముందు ఒకసారి ఒక్కరే జగ్గంపేట దాకా వెళ్లి రండి.

ప్రశ్న వేసినవారు
రెండూ మార్చాను. నిన్న జగ్గంపేట వెళ్లి వచ్చాను, ఎక్కడా ఆగలేదు. పంపు నాన్న పెట్టించిందే.