ఆఫీసు బల్లకి ఎల్‌ఈడీ టేబుల్ ల్యాంపు: ఏది చూసుకుని కొనాలి?

పాలకొల్లు నుంచి ప్రశ్న:
నమస్కారమండి. మాది దస్తావేజులు రాసే చిన్న ఆఫీసు. ట్యూబులైటు నా వెనక గోడకుంది, రాస్తుంటే నా నీడ కాగితం మీదే పడుతోంది. సన్నటి నల్ల కడ్డీలా, తాకితే వెలిగే డిజైనరు ల్యాంపు ఒకటి నచ్చింది. పాత కాగితాలు చదవాలి, కంప్యూటరూ చూడాలి. సాయంత్రమైతే దీపప్పురుగుల గోల సరేసరి. కొనెయ్యమంటారా?

తణుకు:
ఎక్కువ వాట్లున్నది కొనెయ్యండి, గొడవ వదిలిపోతుంది.

భీమవరం:
వాట్లతో పనవదండి. ముందు దాని మెడ ఎన్నిచోట్ల వంగుతుందో చూడండి. మీ పనికి అదే అసలు సంగతి. పాత స్టాంపు కాగితం మీద ఉబ్బెత్తు ముద్ర పైనుంచి లైటు కొడితే కనపడదు. ల్యాంపు తలని బల్లకి జానెడెత్తుకి దించి, పక్కనుంచి ఏటవాలుగా వెయ్యండి. గీతల నీడలు లేచి ముద్ర చదవడానికొస్తుంది. మెడ కదలని కడ్డీ ఎంత అందంగా ఉన్నా మీకు దండగే.

రెండోది, పెట్టె మీద సీఆర్‌ఐ 90 అని ఉంటే మంచిది. ఆ దీపం కింద రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే అంకె అది, నూటికి లెక్క. బాగా తక్కువైతే ఊదారంగు సీలుకీ నీలం సంతకానికీ తేడా సరిగా తెలియకపోవచ్చు.

ఇక మినుకు. మన కరెంటు 50 హెర్ట్జ్. లోపల డ్రైవరు, అంటే కరెంటుని ఎల్‌ఈడీకి తగ్గట్టు మార్చిచ్చే భాగం, నాసిరకమైతే దీపం సెకనుకి 100 సార్లు తగ్గి పెరుగుతుంది. కంటికి తెలియదు గానీ కొందరికి తలనొప్పి తెస్తుంది. కొట్లోనే వెలుతురు బాగా తగ్గించి, దాని కింద పెన్నుని గబగబా ఊపండి. ఒక్క పెన్ను విడివిడిగా నాలుగైదు పెన్నుల్లా కనపడితే తిరిగిచ్చెయ్యండి. ఫోను కెమెరాలో నల్లచారలు పాకినా అంతే. కొట్టువాడు మొహం చిట్లిస్తాడు, చిట్లించనివ్వండి.

పాలకొల్లు:
మరి పురుగులండీ? సార్వా కోతల ముందు కాగితం మీద చెయ్యి పెట్టనివ్వవు.

భీమవరం:
తెల్ల ఎల్‌ఈడీ లోపల ఉండేది నీలం చిప్పేనండి, దాని మీది పసుపు పూత వల్ల తెల్లగా కనిపిస్తుంది. ఆ నీలానికే పురుగు ఎగబడుతుంది. వెలుతురు రంగుని పెట్టె మీద కెల్విన్‌లలో రాస్తారు. 6500 కెల్విన్‌లో నీలం ఎక్కువ, 2700 నుంచి 3000లో తక్కువ. అందుకని రంగు మార్చుకునేది కొనండి. పగలు 4000, దీపాలవేళ దాటాక 3000. పూర్తిగా ఆగవు లెండి. వరండాలో ఓ తెల్ల బల్బు వేసి, లోపల ట్యూబులైటు ఆర్పేసి, ల్యాంపొక్కటే ఉంచుకోండి. చాలామటుకు అటే పోతాయి. చేలో దీపపు ఎర పెట్టేదీ ఈ లెక్కనే కదా.

నరసాపురం:
ఆయ్, ఇనప స్ప్రింగులున్నవి మాత్రం వద్దండి. మా ఉప్పుగాలికి తుప్పు పట్టి మెడ వాలిపోతుంది. 5 వోల్టుల యూఎస్‌బీతో నడిచేదైతే కరెంటు పోయినా పవర్‌బ్యాంకుకి తగిలించుకోవచ్చు.

తణుకు:
మరి బల్బు మార్చుకోవచ్చా?

భీమవరం:
ఇలాంటి సన్న కడ్డీల్లో చాలావాటికి కుదరదండి, ఎల్‌ఈడీలు లోపలే అతికించేస్తారు. అందుకే వారంటీ కాగితం దాచుకోవాలి. పాలకొల్లు వారూ, ల్యాంపు ఎడంవైపు పెట్టుకోండి, చేతి నీడ అక్షరాల మీద పడదు. తెరకి ఎదురుగా మాత్రం వద్దు, అద్దంలా మెరుస్తుంది.

పాలకొల్లు:
నాది ఎడంచేతి వాటమండి.

భీమవరం:
అయితే కుడివైపు పెట్టండి.