ఎయిడ్స్ కాలపు గే పురుషుల కథలు: ఈ సినిమాలు ఎవరిని ఉద్దేశించి తీశారు?

ప్రశ్న – రెండోఆట

ఈ మధ్య ‘ఫిలడెల్ఫియా’ మళ్లీ చూశాను. జొనాథన్ డెమీ 1993లో తీసిన ఈ చిత్రాన్ని చాలామందిలాగే నేనూ ఇంతకాలం కోర్టు కథగానే గుర్తుపెట్టుకున్నాను. ఎయిడ్స్ ఉందని తెలిసి ఒక పెద్ద న్యాయసంస్థ తన న్యాయవాదిని ఉద్యోగంలోంచి తీసేయడం, అతని తరఫున వాదించడానికి మొదట జంకిన మరొక న్యాయవాది తర్వాత గట్టిగా నిలబడటం, చివరికి తీర్పు రావడం – ఇంతే నాకు జ్ఞాపకం ఉన్న కథ. ఈసారి మాత్రం మరొక విషయం మనసులో నాటుకుంది. టామ్ హాంక్స్ పోషించిన ఆండ్రూ బెకెట్‌కు తల్లిదండ్రులూ తోబుట్టువులూ అందరూ అండగా నిలుస్తారు గానీ, అతనితో కలిసి బతుకుతున్న మిగెల్‌కు కథలో దక్కిన చోటు చాలా తక్కువ. ఒక విందులో ఇద్దరూ నౌకాదళ దుస్తుల్లో కలిసి నాట్యం చేసే ఘట్టాన్ని మినహాయిస్తే, వాళ్లిద్దరూ ప్రేమికులన్న సంగతిని సినిమా చూపించేదాని కంటే సూచించేదే ఎక్కువ. కథ పొడుగునా మనసు మార్చుకునే మనిషి డెంజెల్ వాషింగ్టన్ పోషించిన జో మిల్లర్. అంటే ఒక గే పురుషుడి మరణం మరొకరి పరివర్తనకు సాధనమైంది.

తెలుగువాళ్లకు ఎయిడ్స్ అనగానే 2003 ప్రాంతంలో ఊరూరా వెలసిన పులిరాజా హోర్డింగులు గుర్తొస్తాయి. ఆ ప్రచారంలో గే పురుషుల ప్రసక్తే లేదు కాబట్టి, ఈ చరిత్ర మనలో చాలామందికి హాలీవుడ్ ద్వారానే, అదీ ఈ ఒక్క చిత్రం ద్వారానే తెలిసింది. ఎయిడ్స్ కాలాన్ని గే పురుషులు తామే చెప్పుకున్న చిత్రాలు ‘ఫిలడెల్ఫియా’కు ముందు వచ్చాయా? వస్తే అవి దేనిలో భిన్నంగా ఉన్నాయి? తెలిసినవాళ్లు చెప్పగలరు.

సమాధానం – పాతరీలు

వచ్చాయండీ, అదీ ఎనిమిదేళ్లు ముందే వచ్చాయి. 1985లో ఆర్థర్ బ్రెసన్ అనే దర్శకుడు ‘బడ్డీస్’ అనే చిన్న చిత్రం తీశారు. ఎయిడ్స్ మీద వచ్చిన మొదటి కథాచిత్రంగా దాన్నే చెబుతారు. ఆస్పత్రి గదిలో చావుబతుకుల మధ్య ఉన్న ఒక యువకుడు, అతనికి తోడుగా ఉండటానికి స్వచ్ఛందంగా వచ్చిన మరొక యువకుడు – సినిమా దాదాపు అంతా ఈ ఇద్దరి మాటలే. రోగి తన పాత ప్రేమను, కోరికను, రాజకీయాలను దాచకుండా మాట్లాడతాడు. వచ్చినవాడికి నెమ్మదిగా కోపం రావడం మొదలవుతుంది. ఆ కోపం ఏ బంధువు మీదో కాదు, ప్రభుత్వం మీద. బ్రెసన్ కూడా 1987లో ఇదే జబ్బుతో పోయారు.

అదే ఏడాది నవంబరులో ఎన్‌బీసీ టెలివిజన్‌లో ‘యాన్ ఎర్లీ ఫ్రాస్ట్’ ప్రసారమైంది. అప్పటికి హాలీవుడ్ తార రాక్ హడ్సన్ ఎయిడ్స్‌తో మరణించి నెల దాటింది, అమెరికా ఇళ్లలో ఈ జబ్బు గురించి మాట్లాడక తప్పని పరిస్థితి ఏర్పడింది. ఇందులో కొడుకు తాను గే అనీ, తనకు ఎయిడ్స్ సోకిందనీ ఒకేసారి ఇంట్లో చెప్పాల్సి వస్తుంది. అంబులెన్సు సిబ్బంది అతన్ని ఎక్కించుకోవడానికి నిరాకరించే ఘట్టం ఇప్పటికీ కలవరపెడుతుంది. అయితే ఇది తల్లిదండ్రులను కూర్చోబెట్టి నచ్చజెప్పే చిత్రం, ‘బడ్డీస్’ తనవాళ్లతో తాను మాట్లాడే చిత్రం. మీరు అడిగిన భేదమంతా నాకు ఈ రెంటి మధ్యే కనిపిస్తుంది.

నాకు అన్నింటికన్నా ఇష్టమైనది 1986లో బిల్ షేర్‌వుడ్ తీసిన ‘పార్టింగ్ గ్లాన్సెస్’. న్యూయార్క్‌లో ఒక జంట గడిపే ఒక్క రోజు కథ ఇది. ఇద్దరిలో ఒకతను ఉద్యోగం మీద ఆఫ్రికా వెళ్తున్నాడు. ఉండిపోయే మైకేల్ మాజీ ప్రియుడు నిక్ సంగీతకారుడు, అతనికి ఎయిడ్స్ ఉంది. ఆ పాత్రను స్టీవ్ బుషెమీ చేశారు. నిక్ సాధువూ కాదు, బాధితుడూ కాదు. వెటకారం చేస్తాడు, విసుక్కుంటాడు, టీవీ ముందు కూర్చుంటాడు, మాజీ ప్రియుణ్ని ఇంకా ప్రేమిస్తూనే ఉంటాడు. అన్నింటికీ మించి, సినిమా ముగిసేసరికి నిక్ బతికే ఉంటాడు. ఆ రోజుల్లో అలా ముగించడానికి ఎంత తెగువ కావాలో ఆలోచించండి! షేర్‌వుడ్ పూర్తి చేసిన చిత్రం ఇదొక్కటే, 1990లో ఆయన కూడా ఎయిడ్స్‌తోనే పోయారు.

ఇక నార్మన్ రెనే దర్శకత్వంలో వచ్చిన ‘లాంగ్‌టైమ్ కంపానియన్’ 1981 జులై 3న మొదలవుతుంది. నలభై ఒక్కమంది గే పురుషుల్లో ఏదో అరుదైన క్యాన్సర్ కనిపించిందని న్యూయార్క్ టైమ్స్‌లో వార్త వచ్చిన రోజు అది. స్నేహితులు ఆ వార్తను ఫోన్లలో ఒకరికొకరు చదివి వినిపించుకుంటారు, కొందరు నవ్వి కొట్టిపారేస్తారు. అక్కడి నుంచి కథ కొన్ని నెలలకో ఏడాదికో ఒక రోజును ఎంచుకుని 1989 దాకా సాగుతుంది. ప్రతిసారీ ఆ గుంపులో ఒకరు తగ్గిపోయి ఉంటారు. ఇందులో అందరూ డబ్బున్న తెల్లవాళ్లేనన్న విమర్శ న్యాయమైనదే. కానీ మరణశయ్య మీద ఉన్న ప్రియుడి పక్కన కూర్చుని నటుడు బ్రూస్ డేవిసన్ ‘ఇక వెళ్లిపో’ అని మెల్లగా చెప్పే ఘట్టానికి సాటి రాగల దృశ్యం ‘ఫిలడెల్ఫియా’ మొత్తంలో నాకు కనిపించలేదు.

సమాధానం – గోదారిగట్టు

పాతరీలు గారు చెప్పిన చిత్రాల గొప్పతనాన్ని నేను కాదనను, కానీ ‘ఫిలడెల్ఫియా’ను ఇంత సులువుగా పక్కన పెట్టడం సరికాదని నా అభిప్రాయం. ‘పార్టింగ్ గ్లాన్సెస్’ను ఎంతమంది చూసి ఉంటారు? ఆండ్రూతో కరచాలనం చేసినందుకే భయపడి జో మిల్లర్ డాక్టరు దగ్గరికి పరుగెత్తే ఘట్టం ఉంది కదా, 1993లో థియేటర్లో కూర్చున్న ప్రేక్షకుల్లో చాలామంది సరిగ్గా ఆ భయంతోనే ఉన్నారు. జబ్బును అదుపులో ఉంచగల మందుల మేళవింపు 1996లో గాని రాలేదు. అటువంటి సమయంలో పెద్ద స్టూడియో, పెద్ద తార, ఆస్కార్ పురస్కారం – ఇవన్నీ కలిసి ఆ భయాన్ని కొంతైనా తగ్గించి ఉంటే, మిగెల్‌కు చోటు తగ్గిందన్న లోటును నేను క్షమించగలను.

నేను క్షమించలేనిది ‘డాలస్ బయ్యర్స్ క్లబ్’ను. ఇరవై ఏళ్ల తర్వాత, 2013లో వచ్చిన ఆ చిత్రానికి ఏ భయం సాకు చెబుతాం? గే పురుషులను అసహ్యించుకునే ఒక పురుషుడు మందుల కోసం పోరాడిన వీరుడిగా ముందుకు వస్తాడు. అతనికి సహాయకురాలిగా కల్పించిన రేయాన్ అనే ట్రాన్స్ స్త్రీ అతని మనసు మెత్తబడటానికి పనికొచ్చి చనిపోతుంది. ఆ వీరుడి పాత్రకు మూలమైన అసలు మనిషి రాన్ వుడ్‌రూఫ్‌ను ఎరిగినవారిలో కొందరు అతను అలాంటి ద్వేషం ఉన్న మనిషి కాదని తర్వాత చెప్పారు. వీధుల్లో నిలబడి మందుల కోసం పోరాడిన వేలాది గే పురుషులు ఈ చిత్రంలో ఎక్కడున్నారో వెతుక్కోవాలి.

సమాధానం – ప్రజారోగ్యం

నా చదువు ప్రజారోగ్యం కాబట్టి వేరే కోణం ఒకటి చెబుతాను. కొన్ని చిత్రాలు గే పురుషుణ్ని పక్కన పెట్టడంతో ఆగలేదు, అతన్ని నేరస్తుడిగా కూడా నిలబెట్టాయి. పాత్రికేయుడు ర్యాండీ షిల్ట్స్ పుస్తకం ఆధారంగా 1993లో హెచ్‌బీఓ టీవీ సంస్థ తీసిన ‘అండ్ ది బ్యాండ్ ప్లేడ్ ఆన్’ చాలావరకు నిజాయతీ గల ప్రయత్నమే. ప్రభుత్వ నిర్లక్ష్యాన్నీ, శాస్త్రవేత్తల మధ్య కీర్తి కోసం జరిగిన పెనుగులాటనూ బాగా చూపించింది. అయినా ఆ పుస్తకం చేసిన ప్రచారం వల్ల గాయెటాన్ డుగాస్ అనే కెనడా విమాన సిబ్బంది ఉద్యోగి అమెరికాకు ఈ జబ్బు తెచ్చిన ‘పేషెంట్ జీరో’గా లోకం నోట పడ్డాడు. నిజానికి తన శృంగార భాగస్వాముల పేర్లు చెప్పి పరిశోధకులకు సహకరించిన మనిషి అతను. వైరస్ 1970 ప్రాంతంలోనే న్యూయార్క్ చేరిందనీ, డుగాస్ అందుకు మూలం కాడనీ 2016లో జన్యు విశ్లేషణతో తేలింది. అప్పటికి ఆయన పోయి ముప్పై రెండేళ్లయింది.

ఈ విషయంలో కథాచిత్రాలకన్నా డాక్యుమెంటరీలనే నేను నమ్ముతాను. 1993లో వచ్చిన ‘సిల్వర్‌లేక్ లైఫ్’లో టామ్ జాస్లిన్ తన జబ్బునూ తన సహచరుడు మార్క్ జబ్బునూ తానే వీడియోలో చిత్రించుకున్నాడు, అతను పోయాక మార్క్ ఆ కెమెరా అందుకున్నాడు, మిగిలిన పనిని జాస్లిన్ పాత విద్యార్థి ఒకరు పూర్తి చేశారు. ఆ చిత్రంలో మందుల కోసం బజారుకు వెళ్లి అలసిపోయి కారులో కూలబడటం, చర్మం మీద మచ్చల కారణంగా ఈతకొలను దగ్గర చొక్కా వేసుకోమని ఎవరో అడగటం లాంటి మామూలు సంగతులే ఎక్కువ. చూడటానికి గుండె ధైర్యం కావాలి, ముందే హెచ్చరిస్తున్నాను.

సమాధానం – పాతరీలు

మన దేశపు చిత్రం ఒకదాన్ని ఎవరూ ప్రస్తావించలేదు కాబట్టి మళ్లీ రాస్తున్నాను. ఓనిర్ 2005లో తీసిన ‘మై బ్రదర్ నిఖిల్’ గోవాకు చెందిన డొమినిక్ డిసౌజా జీవితం నుంచి ప్రేరణ పొందింది. రక్తదానం చేసినప్పుడు హెచ్‌ఐవీ బయటపడటంతో, ఆ రాష్ట్ర ప్రజారోగ్య చట్టం కింద డొమినిక్‌ను 1989లో పట్టుకెళ్లి పాతబడిన ఒక క్షయ ఆస్పత్రిలో రెండు నెలలకు పైగా ఒంటరిగా బంధించారు. సినిమాలో నిఖిల్ ఈత ఛాంపియన్. తల్లిదండ్రులు దూరమైతే, జూహీ చావ్లా పోషించిన అక్క, ప్రియుడు నైజెల్ అతనికి తోడుగా నిలుస్తారు. రెండోఆట గారు మిగెల్ గురించి చెప్పిన లోటు ఇక్కడ చాలావరకు తీరింది; నైజెల్ కూడా కుటుంబ సభ్యులతో సమానంగా కెమెరా వైపు తిరిగి తన కథ తాను చెబుతాడు. స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377వ సెక్షన్ ఇంకా అమల్లో ఉన్న కాలంలో అది చిన్న విషయం కాదు.

దీనికి ముందు ఏడాదే మనకు నటిగా బాగా తెలిసిన రేవతి గారు ‘ఫిర్ మిలేంగే’ తీశారు. ‘ఫిలడెల్ఫియా’ ఛాయలు స్పష్టంగా ఉన్న ఆ చిత్రంలో ఉద్యోగం పోగొట్టుకునేది శిల్పా శెట్టి పోషించిన యువతి. మంచి చిత్రమే, స్త్రీల కోణం నుంచి అవసరమైనదే. కానీ కోర్టు కథ హిందీలోకి వచ్చిందే తప్ప గే పురుషుడు రాలేదు.

ప్రశ్న – రెండోఆట

అందరికీ కృతజ్ఞతలు. గోదారిగట్టు గారూ, మీ వాదన ఒప్పుకుంటున్నాను: 1993 నాటి ప్రేక్షకుణ్ని దృష్టిలో పెట్టుకుంటే ఆ చిత్రానికి ఆ రూపమే తగినది కావచ్చు. అయితే మీరన్న వీధి పోరాటాన్ని సరిగా చూపిన కథాచిత్రం ఏదైనా ఉందా?

సమాధానం – గోదారిగట్టు

ఉంది, ఫ్రెంచి చిత్రం. 2017లో కాన్ ఉత్సవంలో గ్రాండ్ ప్రి అందుకున్న ‘బీపీఎం’. దర్శకుడు రోబాఁ కాంపియో స్వయంగా 1990లలో ఎయిడ్స్ మీద పోరాడిన ఉద్యమ సంస్థ యాక్ట్ అప్ పారిస్ సభ్యుడు కావడం వల్ల, ఆ సంస్థ వారపు సమావేశాలను లోపల కూర్చున్నవాడి కంటితో చూపించాడు. మాట్లాడేవారికి అడ్డు రాకుండా చప్పట్లకు బదులు వేళ్లతో చిటికెలు వేస్తారు, ఒక మందుల కంపెనీ కార్యాలయంలో కృత్రిమ రక్తం చల్లడం తగునా అని గంటల తరబడి వాదించుకుంటారు, ఆ వాదనల మధ్యే ఇద్దరు ప్రేమలో పడతారు. సగం దాటాక సినిమా మెల్లగా సమావేశ మందిరంలోంచి రోగి గదిలోకి చేరుతుంది గానీ, అక్కడ కూడా కోరిక చావదు, కోపమూ చావదు. ఇక్కడ మనసు మార్చుకోవాల్సిన బయటి మనిషి ఎవరూ లేరు.

మాటలన్నీ వేగంగా సాగుతాయి కాబట్టి, మొదటి అరగంట ఉపశీర్షికలు ఆపి ఆపి చదువుకోవాల్సి రావచ్చు. అమెరికా ఉద్యమం ఎలా నడిచిందో ముందుగా తెలిసి ఉంటే సులువవుతుంది కనుక, డేవిడ్ ఫ్రాన్స్ 2012లో తీసిన ‘హౌ టు సర్వైవ్ ఎ ప్లేగ్’ అనే డాక్యుమెంటరీని ముందు చూసి, ఆ తర్వాత దీన్ని చూడండి. అందులో ఉన్నది చాలావరకు ఉద్యమకారులే ఆ రోజుల్లో చేతి కెమెరాలతో తీసుకున్న దృశ్యాలు.