సైన్యం వేలంలో తీసుకున్న 15 కేవీఏ డీజిల్ సెట్: ఏవి మార్చాలి, ఏవి కదపకూడదు?

పీణ్య_లేత్
నమస్కారం అందరికీ. బెంగళూరు పీణ్యలో మా చిన్న మెషీన్ షాపుకి సైన్యం వేలంలో అమ్మిన సెట్ ఒకటి వచ్చింది. 15 కేవీఏ, త్రీ ఫేజ్ 415 వోల్టులు, 1500 ఆర్‌పీఎం, టర్బో లేని నీటి కూలింగ్ ఇంజిన్. స్టార్టింగ్ 24 వోల్టులు, రెండు బ్యాటరీలు సిరీస్‌లో. మెకానికల్ గవర్నర్ (ఇంజిన్ స్పీడు నిలిపేది), బ్రష్‌లెస్ ఆల్టర్నేటర్ (కరెంటు పుట్టించే భాగం), రెజిన్ పోసి మూసేసిన పాత వోల్టేజ్ రెగ్యులేటర్. తిరిగిన గంటలు తక్కువే, కానీ ఏళ్ల తరబడి గోడౌన్‌లో పడుంది.

ఖాళీగా 52 హెర్ట్జ్, 9 కిలోవాట్ల లోడ్‌కి 50.3. వోల్టేజ్ మాత్రం 395–425 మధ్య ఊగుతోంది, బల్బులు కొట్టుకుంటున్నాయి. లోడ్: 5 హెచ్‌పీ బోర్ మోటారు, 2 హెచ్‌పీ లేత్‌లు రెండు, లైట్లు, రెండు కంప్యూటర్లు.

నేను చేయాలనుకుంటున్నవి: 12 వోల్టులకు మార్చడం, కరెంటు పోగానే తనంతట స్టార్ట్ అయ్యేలా ప్యానెల్, శబ్దం తగ్గించే క్యానపీ (సెట్‌ని మూసే పెట్టె), స్థిరమైన వోల్టేజ్. దేనితో మొదలుపెట్టమంటారు?

డీజిల్_మేస్త్రి
మొదటిది మానేయండి సార్. 24 వోల్టులు ఈ సెట్‌కి ఉన్న మంచి గుణం. అదే స్టార్టర్ పవర్‌కి కరెంటు సగమే చాలు, కేబుల్ సన్నగా ఉన్నా వోల్టేజ్ పడిపోదు. మన పెద్ద లారీల్లో చాలావాటిది 24 వోల్టులే కాబట్టి స్టార్టర్, ఛార్జింగ్ ఆల్టర్నేటర్, రిలేలు బెంగళూరు జేసీ రోడ్డు స్పేర్ పార్టుల షాపుల్లో దొరుకుతాయి. 12కి దిగితే స్టార్టర్, సోలనాయిడ్, గేజ్‌లు అన్నీ మార్చాలి, లాభం ఏమీ లేదు. ఎక్కడైనా 12 కావాలంటే 24 నుంచి 12 చేసే కన్వర్టర్ పెట్టండి. రెండు బ్యాటరీల్లో ఒకదాని మీద నుంచి వైరు లాగొద్దు. ఆ బ్యాటరీ ఎప్పుడూ ఆకలితో ఉంటుంది, రెండోది ఓవర్‌ఛార్జ్ అయి నీళ్లు ఎండిపోతాయి. బ్యాటరీలు రెండూ ఒకే మోడల్, ఒకే వయసువి, ఒకేసారి మార్చాలి.

ప్యానెల్‌కన్నా ముందు రబ్బరు పని చూడాలి. గోడౌన్ సెట్లలో ఇంజిన్ అరిగి ఉండదు, రబ్బరు చచ్చి ఉంటుంది. కూలెంట్ హోస్‌లు, డీజిల్ పైపులు, ఫ్యాన్ బెల్టు, లిఫ్ట్ పంప్ డయాఫ్రమ్, కింది మౌంటింగ్‌లు చూడకుండానే మార్చేయండి. ట్యాంకు దించి కడగండి, ఫిల్టర్ ముందు నీళ్లు వేరుచేసే గిన్నె పెట్టండి. కూలెంట్ సగం గ్లైకాల్, సగం డిస్టిల్డ్ వాటర్. బోర్ నీళ్లు పోస్తే రేడియేటర్ గొట్టాల్లో సున్నం పేరుకుంటుంది.

ఆటో స్టార్ట్‌కి డీప్ సీ కంపెనీ 7320 లాంటి కంట్రోలర్ 8 నుంచి 35 వోల్టుల దాకా నేరుగా తీసుకుంటుంది. చిక్కు వచ్చేది మూడు చోట్ల.

ఒకటి, ఫ్యూయల్ సోలనాయిడ్ (ఇంజిన్‌కి డీజిల్ వదిలే, ఆపే కాయిల్). కరెంటు ఇస్తే తిరిగేదా, కరెంటు ఇస్తే ఆగేదా ముందు తేల్చుకోండి. లాగే కాయిల్, పట్టుకునే కాయిల్ విడివిడిగా ఉంటే లాగే కాయిల్‌ని క్రాంక్ ఔట్‌పుట్‌కే కలపండి. అది రన్నింగ్‌లో కూడా లైవ్‌గా ఉంటే నిమిషాల్లో మాడిపోతుంది.

రెండు, ఆయిల్ ప్రెషర్, టెంపరేచర్ సెండర్లు (కొలిచి కంట్రోలర్‌కి చెప్పే సెన్సర్లు). పాత వాటి ఓమ్‌ల లెక్క కొత్త కంట్రోలర్‌కి సరిపోదు, తప్పు రీడింగ్‌తో సెట్ ఆగిపోతుంటుంది. 10–180 ఓమ్‌ల, 0–10 బార్ ప్రెషర్ సెండర్ వేసుకోండి. ఆయిల్ ప్రెషర్ 1 బార్ కన్నా దిగితే, నీటి వేడి 98 డిగ్రీలు దాటితే, 57 హెర్ట్జ్ దాటితే ఆగేలా పెట్టండి.

మూడు, ఆయిల్ తగ్గినా, వేడెక్కినా సెట్ ఆగకుండా తిరిగేలా ప్రొటెక్షన్‌ని దాటవేసే స్విచ్. అమెరికా సైన్యపు ఎంఈపీ సెట్లలో దాన్ని ‘బ్యాటిల్ షార్ట్’ అంటారు. మీ దాంట్లో అలాంటిది ఉంటే వైరింగ్‌తో సహా పీకేయండి. యుద్ధంలో దానికి అర్థం ఉంది, షాపులో లేదు.

ఎక్కువసేపు ఆగి ఉండే సెట్ కాబట్టి బ్యాటరీలను ఎప్పుడూ నిండుగా ఉంచే 27.2 వోల్టుల ఫ్లోట్ ఛార్జర్ తప్పనిసరి.

వైండింగ్_చిత్తూరు
వోల్టేజ్ ఊగడం గురించి. హెర్ట్జ్ మీటరు, వోల్ట్ మీటరు పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ కలిసి ఊగితే తప్పు ఇంజిన్ వైపు: గవర్నర్ లింకేజీ లూజు, లేదా డీజిల్ లైన్‌లో గాలి. హెర్ట్జ్ నిలకడగా ఉండి వోల్టేజ్ ఒక్కటే ఊగితే రెగ్యులేటర్. రెజిన్ పోసిన పాతదాన్ని రిపేరు చేయాలని చూడొద్దు.

మార్చే ముందు మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) కొట్టండి. రెగ్యులేటర్ వైర్లన్నీ విప్పాకే, 500 వోల్టులతో. విప్పకుండా కొడితే రెగ్యులేటర్ పోతుంది, మెయిన్ ఫీల్డ్ కొలిచేటప్పుడు రోటర్ డయోడ్లు కూడా షార్ట్ చేసి ఉండాలి. 1 మెగా ఓమ్ కన్నా తక్కువ వస్తే లోడ్ పెట్టొద్దు, మూత తెరిచి హీటర్‌తో ఒకట్రెండు రోజులు ఆరబెట్టి మళ్లీ కొలవండి.

తరవాత ఎక్సైటర్ ఫీల్డ్ (రెగ్యులేటర్ కరెంటు పంపే కాయిల్) ఓమ్‌లు కొలవండి. 15 కన్నా ఎక్కువుంటే ఎస్‌ఎక్స్ 460 రకం రెగ్యులేటర్ సరిపోతుంది. బెంగళూరు ఎస్పీ రోడ్డు షాపుల్లో నకళ్లు కూడా అమ్ముతారు, చూసి తీసుకోండి. మీ ఆల్టర్నేటర్ వెనక పర్మనెంట్ మాగ్నెట్ జనరేటర్ ఉంటే మాత్రం ఇది వద్దు, దానికి వేరే రకం ఉంది. సెన్సింగ్‌కి ఫేజ్–న్యూట్రల్ 240 ఇవ్వండి, ఫేజ్–ఫేజ్ 415 ఇస్తే క్షణంలో కాలిపోతుంది. 50 హెర్ట్జ్ లింక్ చూసుకుని, వోల్ట్ స్క్రూ పూర్తిగా తగ్గించి స్టార్ట్ చేసి మెల్లగా పెంచండి. వోల్టేజ్ అసలే రాకపోతే రెసిడ్యువల్ (ఇనుములో మిగిలి ఉండే అయస్కాంతత్వం) పోయినట్టు: ఫీల్డ్‌కి 12 వోల్టుల బ్యాటరీ, మధ్యలో డయోడ్ పెట్టి, ప్లస్ ప్లస్‌కే, ఒక్క సెకను తాకించండి.

ఇలాంటి రెగ్యులేటర్ తన పవర్‌ని ఆల్టర్నేటర్ నుంచే తీసుకుంటుంది. షార్ట్ సర్క్యూట్ అయితే వోల్టేజ్ కూలిపోతుంది, సి కర్వ్ ఎంసీబీ (ఎక్కువ కరెంటుకి గానీ వెంటనే పడని బ్రేకర్) పడేంత కరెంటు నిలబడదు. 15 కేవీఏకి ఫేజ్‌కి 21 ఆంపియర్లే. తక్కువ కరెంటుకే పడే బి కర్వ్ వేసి, కంట్రోలర్‌లో అండర్‌వోల్టేజ్ ట్రిప్ ఆన్ చేయండి.

న్యూట్రల్ సంగతి మర్చిపోవద్దు. రంగంలో వాడే సెట్లలో అది భూమికి కలపకుండా ఉండొచ్చు, పైగా రేడియో శబ్దం అణచడానికి ఫేజ్ నుంచి బాడీకి కెపాసిటర్లు ఉంటాయి. అప్పుడు బాడీ తాకితే జిల్లుమనొచ్చు. న్యూట్రల్‌ని రెండు వేర్వేరు ఎర్త్ పిట్‌లకు, బాడీని ఇంకో రెండింటికి కలపండి. ఛేంజోవర్ (లైన్ కరెంటు నుంచి సెట్‌కి మార్చే స్విచ్) నాలుగు పోల్‌ది పెట్టండి. మూడు పోల్ పెడితే బెస్కామ్ (బెంగళూరు కరెంటు సంస్థ) న్యూట్రల్, మీ న్యూట్రల్ కలిసే ఉంటాయి, లీకేజ్ బ్రేకర్లు ఊరికే పడుతుంటాయి.

పీణ్య_లేత్
చాలా థాంక్స్ సార్. హెర్ట్జ్ కదలడం లేదు, వోల్టేజ్ ఒక్కటే. క్యానపీ ఇక్కడే షీట్‌తో చేయించొచ్చా? ఎలక్ట్రానిక్ గవర్నర్ అవసరమా?

సైలెన్సర్_హోసూరు
చేయించొచ్చు. కొత్త సెట్లకు మీటరు దూరంలో 75 డెసిబెల్ పరిమితి, అదే లక్ష్యంగా పెట్టుకోండి. సొంతంగా చేయించిన క్యానపీల్లో చెడేది శబ్దం కాదు, గాలి. రేడియేటర్ నుంచి బయటికి వెళ్లే వేడి గాలి పక్క సందుల్లోంచి లోపలికి తిరిగి వస్తుంది. రేడియేటర్ చుట్టూ షీట్‌తో, రబ్బరుతో పూర్తిగా మూసి నేరుగా బయటికి డక్ట్ చేయండి. లోపలికొచ్చే దారి రేడియేటర్ కోర్‌కి ఒకటిన్నర రెట్లు. లైనింగ్‌కి ఫోమ్ వద్దు, డీజిల్ ఆవిరి పట్టి అంటుకుంటే ఆపలేం. 50 మిల్లీమీటర్ల రాక్‌వూల్, మీద గ్లాస్ క్లాత్, దానిమీద చిల్లుల షీట్. సైలెన్సర్ బరువు మానిఫోల్డ్ మీద పడకుండా మధ్యలో ఫ్లెక్సిబుల్ బెల్లోస్.

బెంగళూరు 900 మీటర్ల పైన ఉంది, గాలి తొమ్మిది శాతం దాకా పల్చన. టర్బో లేని ఇంజిన్‌కి ఆ మేరకు శక్తి తగ్గుతుంది. ప్లేటు మీద ఏ ఎత్తుకి రేటింగ్ ఇచ్చారో చదవండి. సముద్ర మట్టానికి 12 కిలోవాట్లైతే ఇక్కడ 11 అనుకోండి. ఎయిర్ ఫిల్టర్ మాత్రం క్యానపీ బయటి గాలి పీల్చాలి. శక్తి తగ్గిందని పంపులో డీజిల్ పెంచితే పొగ ఇంకా నల్లబడుతుంది.

డీజిల్_మేస్త్రి
గవర్నర్: 9 కిలోవాట్లకి 52 నుంచి 50.3 అంటే ఫుల్ లోడ్‌కి నాలుగైదు శాతం డ్రూప్ (లోడ్‌తో స్పీడు తగ్గడం), మెకానికల్‌కి మామూలే. లేత్‌లకు ఏమీ కాదు. కంప్యూటర్ల యూపీఎస్ 52 హెర్ట్జ్‌ని ఒప్పుకోకపోతే అప్పుడు ఆలోచించండి.

అసలు ఇబ్బంది బోర్ మోటారు. 5 హెచ్‌పీకి రన్నింగ్ కరెంటు ఏడున్నర ఆంపియర్లు, నేరుగా స్టార్ట్ చేస్తే 45 దాకా, అంటే క్షణకాలం 32 కేవీఏ. 15 కేవీఏ సెట్‌లో వోల్టేజ్ బాగా పడి లేత్‌ల కాంటాక్టర్లు వదిలేస్తాయి. మోటారుని మెల్లగా ఎత్తుకునే సాఫ్ట్ స్టార్టర్ వేయండి, లేదా ఆరు వైర్ల మోటారైతే స్టార్–డెల్టా స్టార్టర్. బోర్ ముందు, లేత్‌లు తరవాత.

అన్నీ అయ్యాక లోడ్ టెస్ట్: 1.5 కిలోవాట్ల ఇమ్మర్షన్ రాడ్లు ఆరు, ఫేజ్‌కి రెండు, ఎర్త్ చేసిన ఇనుప డ్రమ్ముల నీళ్లలో. ముందు మూడు రాడ్లతో అరగంట, తరవాత ఆరుతో గంటన్నర. గోడౌన్‌లో అప్పుడప్పుడు ఖాళీగా తిప్పిన ఇంజిన్లలో కాలని డీజిల్, మసి ఎగ్జాస్ట్‌లో పేరుకుంటాయి, అందుకని మొదట పొగ, జిడ్డు వస్తాయి. గంట దాటాక కూడా తగ్గకపోతే నాజిల్స్ విప్పి ప్రెషర్ టెస్ట్‌కి ఇవ్వండి. రోజూ వాడేటప్పుడు కూడా 30 శాతం కన్నా తక్కువ లోడ్‌తో గంటల తరబడి తిప్పొద్దు.