కాలనీ మొత్తానికి కర్బన ఉద్గారాలు తగ్గించే ప్లాన్: ఎక్కడ మొదలుపెట్టాలి?

తొలి_అడుగు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా కాలనీలో దాదాపు 400 ఇళ్లున్నాయి. ఉద్గారాలు తగ్గించడానికి మనమూ ఏదో ఒక ప్లాన్ వేసుకుందామని సంఘం వాళ్లు అనుకుని, ఆ పని నన్ను చూడమన్నారు. నాకు ఇష్టమైన పనే కాబట్టి సంతోషంగా ఒప్పుకున్నాను. నెలరోజులు కూర్చుని చదివి మొదటి మీటింగ్‌లో అన్నీ చెప్పాను. భూమి వేడెక్కడాన్ని అదుపు చెయ్యాలని దేశాలన్నీ చేసుకున్న 2015 పారిస్ ఒప్పందం గురించి చెప్పాను. భూమి వేడి 1.5 డిగ్రీల దగ్గర ఆగాలంటే 2030 నాటికి ప్రపంచ ఉద్గారాలు 2019తో పోలిస్తే దాదాపు 43 శాతం తగ్గాలన్న ఐపీసీసీ (ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్రవేత్తల సంఘం) లెక్క కూడా చెప్పాను. అందరూ శ్రద్ధగానే విన్నారు. చివర్లో వెనక వరసలోంచి ఒక పెద్దావిడ లేచి, "అంతా బాగుంది బాబూ, రేపు పొద్దున్నే లేచి నేనేం చెయ్యాలి?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. రెండో మీటింగ్‌కి పదకొండు మంది వచ్చారు.

ఇప్పుడు నా టెన్షన్ రెండు విషయాల గురించి. మొత్తం కాలనీ కరెంటు వాడకం ఎంతో చెప్పమని సంబంధిత ఆఫీసులో రెండుసార్లు అడిగితే ఇవ్వలేదు, పెట్రోలు డీజిల్ సంగతి అసలే తెలీదు. పూర్తి లెక్క లేకుండా మొదలుపెట్టకూడదని కమిటీలో కొందరి పట్టుదల. రెండోది, ఏ పని ముందు చెయ్యాలో జనం చేత ఎలా తేల్పించాలి? ఇలాంటిది చేసినవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి.

లెక్కల_పుస్తకం

ముందు లెక్క సంగతి చెప్తానండీ, నేను చేసేది ఆ పనే. నగరాలు తమ ఉద్గారాలు లెక్కగట్టడానికి 2014లో వచ్చిన ఒక పద్ధతి ఉంది, జీపీసీ అంటారు. దాని ప్రకారం ఉద్గారాలు మూడు రకాలు. మన హద్దులోపల కాల్చినవి, బయట తయారై మనం వాడుకునే కరెంటువి, మన వల్ల హద్దు బయట వచ్చేవి (ఎక్కడికో వెళ్లి కుళ్లే మన చెత్త, మనం చేసే విమాన ప్రయాణాలు). ఈ మూడూ బుర్రలో పెట్టుకోండి చాలు, ఎందుకంటే ఒకే లీటరుని రెండుసార్లు లెక్కేసే పొరపాటు ఇక్కడే జరుగుతుంది. కానీ నగరం వేరొక నగరంతో పోల్చుకోవాలి, పైవాళ్లకు రిపోర్టు ఇవ్వాలి కాబట్టి వాళ్లకు పూర్తి లెక్క కావాలి. మీకు కావలసింది ఏది పెద్దది, ఏది చిన్నది అన్నది తెలియడమే.

అందుకని 40 ఇళ్లు తీసుకోండి, మీకు తెలిసినవాళ్లవే కాకుండా పెద్దవీ చిన్నవీ, సొంతవీ అద్దెవీ కలిపి. ఒక్కో ఇంటి నుంచి పన్నెండు నెలల కరెంటు బిల్లులు అడగండి, ఒక్క నెలది తీసుకుంటే ఎండాకాలానికీ చలికాలానికీ తేడా పోతుంది. బండికి నెలకి ఎన్ని లీటర్లు పోయిస్తారో అడగండి. లీటరు డీజిల్ కాలితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, పెట్రోలుకి 2.3 కిలోలు. కరెంటుకి మాత్రం ఒకే అంకె ఉండదు. బొగ్గు కరెంటయితే యూనిట్‌కి కిలో దగ్గర దగ్గరగా పడుతుంది, జలవిద్యుత్తు అయితే చాలా తక్కువ. మీ గ్రిడ్‌కి (మీకు కరెంటు వచ్చే సరఫరా వ్యవస్థకి) అధికారికంగా ప్రకటించిన అంకె తీసుకుని, అది ఏ సంవత్సరానిదో పక్కనే రాసిపెట్టండి, లేదంటే రెండేళ్ల తర్వాత తగ్గింది మీ పని వల్లో గ్రిడ్ మారడం వల్లో తేల్చలేరు.

అందరూ మర్చిపోయేది ఏసీ గ్యాస్. ఆర్-410ఏ అనే గ్యాస్ కిలో లీకయితే రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్ వదిలినంత పని, అంటే దాదాపు 740 లీటర్ల డీజిల్ కాల్చినట్టు. ఏటేటా గ్యాస్ నింపించుకునే ఏసీలు ఎన్నున్నాయో కూడా ఆ 40 ఇళ్లలోనే అడగండి. ఆరు వారాలు పెట్టుకోండి, అక్కడితో ఆపేయండి.

ఎరువు_గుంత

పైన చెప్పినదంతా ఒప్పుకుంటాను గానీ ఆరు వారాలు చేతులు కట్టుకుని కూర్చోవద్దండీ. మేం లెక్క కోసమని ఎనిమిది నెలలు ఆగాం. ఆ ఎనిమిది నెలల్లో మొదట్లో ఉన్న ఉత్సాహం మొత్తం చల్లారిపోయింది. ఒక చిన్న పని పక్కన నడుస్తూ ఉండాలి, జనం కళ్లతో చూసేది, చేత్తో ముట్టుకునేది.

మేం తడి చెత్తతో మొదలుపెట్టాం. తడి చెత్త కుప్పగా పడి గాలి తగలకుండా కుళ్లితే మీథేన్ వస్తుంది, అది వందేళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు, ఇరవై ఏళ్ల లెక్కలో 80 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. గాలి తగిలేలా కంపోస్ట్ చేస్తే అందులో చాలా భాగం రాదు. ఇదంతా మాకు తెలుసు. తెలిసి కూడా మా మొదటి గుంత భరించలేనంత కంపు కొట్టింది. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు పూడ్చేయమని గొడవ. అప్పుడు మా వీధి చెత్త తీసుకెళ్లే ఆవిడ వచ్చి, గుప్పెడు తీసి పిండి చూపించింది, వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారాయి. "ఎండుటాకులేవి సార్? ఇంత తడైతే కంపు కొట్టదా?" అంది. ఒక వంతు చెత్తకి రెండు వంతుల ఎండుటాకులు కలిపాం, నాలుగు రోజులకోసారి తిరగేశాం. పదో రోజు పొద్దున పారతో కదిపితే ఆవిరి లేచింది, లోపల చెయ్యి పెడితే వెంటనే తీసెయ్యాల్సినంత వేడి. కంపు పోయి, వాన పడ్డ మట్టి వాసన వచ్చింది.

ఆవిడ రోజూ ఈ వీధుల్లోనే తిరుగుతుంది. మేం పెట్టిన ఆరు మీటింగుల్లో ఒక్కదానికీ ఆవిణ్ణి పిలవలేదు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది. మీరు మాత్రం మొదటి రోజే పిలవండి. చెత్త తీసేవాళ్లు, వాచ్‌మన్, లైన్‌మన్, నీళ్లు వదిలే అతను, వీళ్లందరికీ మీ కాలనీ గురించి కమిటీ కంటే ఎక్కువ తెలుసు. ఇంకొకటి, మీటింగ్ వాళ్లకు కుదిరే వేళలో పెట్టండి.

తొలి_అడుగు

చాలా చాలా థాంక్స్ అండీ ఇద్దరికీ. ఒక సందేహం. మా దగ్గర సగం మంది అద్దెకుండేవాళ్లే. సోలార్ అనగానే "అది ఓనర్ల సంగతి" అని లేచి వెళ్లిపోతున్నారు. వాళ్లను ఎలా కలుపుకోవాలి?

గాలిమర_రెక్క

వాళ్లు అన్నదాంట్లో న్యాయం ఉంది కదండీ. పైకప్పు ఒకరిది, బిల్లు ఇంకొకరిది అయినప్పుడు సోలార్ వల్ల లాభం ఎవరికో ముందే తేల్చకుండా "అందరం కలిసి" అంటే ఎవరు నమ్ముతారు? డెన్మార్క్‌లో సామ్సో అని ఒక దీవి ఉంది, నాలుగు వేల జనాభా. 1997లో పునరుత్పాదక ఇంధనంతోనే నడిచే దీవిగా మారడానికి ప్రభుత్వం పెట్టిన పోటీలో గెలిచింది. నేలమీద 11, సముద్రంలో 10 గాలిమరలు పెట్టారు. వాటిలో రైతులకీ మామూలు నివాసులకీ వాటాలున్నాయి. తన వాటా ఉన్న గాలిమర తిరుగుతుంటే దాన్ని చూసే చూపే వేరు. మీరూ ఉమ్మడి స్థలం పైకప్పు మీద పెట్టి, అద్దెవాళ్లు కూడా చిన్న వాటా తీసుకునేలా, ఇల్లు మారితే ఆ వాటా ఇంకొకరికి ఇచ్చేసి వెళ్లేలా రూలు రాసుకోగలరేమో చూడండి. మీ దగ్గర చట్టం ఒప్పుకుంటుందో లేదో ముందే కనుక్కోండి.

ఏది ముందు అన్నదానికి మేం చేసింది చెప్తాను. గోడకి పెద్ద కాగితం అంటించి మూడు గళ్లు గీశాం. మనంతట మనం చేసేవి, ఎవరిదైనా అనుమతి కావలసినవి, మన చేతుల్లో లేనివి, అంటే గట్టిగా అడగాల్సినవి. బస్సు రావడం లేదన్నది మూడో గడి. దాన్ని జనం మీద వేసి "కార్లు మానండి" అంటే కోపాలొస్తాయి, మాకు వచ్చాయి కూడా. ప్రతి పనికీ ఎదురుగా ఒక మనిషి పేరు, ఒక తేదీ రాయించాం. పేరు రాయడానికి ఎవరూ ముందుకు రాకపోతే ఆ పనిని ఆ ఏడాదికి పక్కన పెట్టేశాం, అది ఎంత మంచిదైనా సరే.

చెట్లు నాటడం గురించి తప్పకుండా ఎవరో ఒకరు అంటారు. నాటండి, నీడకీ చల్లదనానికీ అవి కావాల్సిందే. కానీ ఈ ఏడాది కాల్చిన డీజిల్‌కి చెల్లు అని మాత్రం రాసుకోవద్దు. మొక్క పెరగడానికి ఏళ్లు పడుతుంది, పొగ ఇవాళే గాల్లో కలిసింది.

తొలి_అడుగు

నిన్న సాయంత్రం నీళ్లు వదిలే అతనితో గంటసేపు కూర్చున్నాను. ఆయన నన్ను ట్యాంకు దగ్గరికి తీసుకెళ్లి చూపించారు. ట్యాంకు నిండగానే మోటారుని ఆపాల్సిన ఫ్లోట్ స్విచ్ పాడైపోయి, నిండాక కూడా మోటారు నడుస్తూనే ఉంటుందట, గోడ వెంబడి నీళ్లు కారి పచ్చటి నాచు పట్టి ఉంది. పొద్దున ఇరవై నిమిషాలు, సాయంత్రం ఇరవై నిమిషాలు వృథా అని ఆయన అంచనా. రెండేళ్ల నుంచి చెప్తున్నా ఎవరూ పట్టించుకోలేదట. మోటారు 5 హెచ్‌పీ. దీన్ని లెక్కలోకి ఎలా తేవాలి?

లెక్కల_పుస్తకం

5 హెచ్‌పీ అంటే 3.7 కిలోవాట్లు. రోజుకి 40 నిమిషాలంటే కనీసం రెండున్నర యూనిట్లు, ఏడాదికి 900 యూనిట్ల పైనే. మీ గ్రిడ్ ఎక్కువగా బొగ్గు మీద నడిచేదైతే ముప్పావు టన్ను కార్బన్ డయాక్సైడ్ దాకా ఉంటుంది, నీళ్లు మిగలడం అదనం. మీ మొదటి పని దొరికినట్టేనండీ, ఆ పెద్దావిడకి చూపించడానికి కూడా.

స్విచ్ మార్చే ముందు ఒక నెల, మార్చాక ఒక నెల, మోటారు మీటరు రీడింగ్ రోజూ ఒకే టైముకి రాయించండి, ట్యాంకు పక్కనే పుస్తకం వేలాడదీసి. రాసేది ఆయనే అయితే ఇంకా మంచిది. కాగితం మీద ఆ పనికి ఎదురుగా ఆయన పేరే ఉండాలి.