‘తెరచాప కొయ్య’ అంటే నిలువుదా, అడ్డందా? బల్ల మీది ఓడ తయారీకి మాటలు

అట్టా కత్తెరా
బొమ్మలు జరుపుతూ కథ నడిపే డంజన్స్ అండ్ డ్రాగన్స్ లాంటి ఆటల్లో బల్ల మీద పెట్టుకునే ఓడను ఫోమ్ బోర్డుతో చేసే పద్ధతి తెలుగులో రాస్తున్నాం, చిత్తుప్రతి మీకు పంపాం. 28 మి.మీ. ఎత్తు బొమ్మలు ఎక్కి తిరిగే ఓడ. ఒక వాక్యం దగ్గర పేచీ వచ్చింది: ‘తెరచాప కొయ్యకు జిగురు రాయవద్దు.’ చదివినవాళ్లలో కొందరికి అది డెక్ మీద నిలబెట్టే కొయ్యగా అర్థమైంది, కొందరికి తెరచాప కట్టే అడ్డకర్రగా అర్థమైంది. నిలువుదాన్ని అతికించేస్తే ఓడ పెట్టెలో పట్టదు. అడ్డందాన్ని అతికించకపోతే ఆట మధ్యలో ఊడి బొమ్మల మీద పడుతుంది. రెండిటికీ విడివిడిగా పేర్లు కావాలి. పనిలో పనిగా డెక్, హల్ (ఓడ దేహం), ఓడ ముందు-వెనకలు, కుడి-ఎడమలు కూడా తేల్చేద్దాం.

నిఘంటువు పురుగు
నిలువుదానికి పాత మాటలు ఉన్నాయి. సంస్కృత నిఘంటువు అమరకోశంలో, నీటి మాటలుండే వారివర్గంలో ‘కూపకం’, ‘గుణవృక్షకం’ రెండూ అదే. గుణం అంటే తాడు కాబట్టి తాళ్లు కట్టే చెట్టు అన్నమాట. ఎంత చక్కని మాటో! కానీ చేతిలో కత్తి, పక్కన జిగురు డబ్బా పెట్టుకున్నవాడికి ‘కూపకం’ అంటే బావి గుర్తొస్తుంది. తయారీ సూచనల్లో వద్దు. ఆట కథలో ముసలి సరంగు నోట పలికించండి, అక్కడ అందంగా ఉంటుంది.

ఓడ ముక్కుకు ‘అణియం’, వెనక కొసకు ‘అమరం’ అనే మాటలున్నాయి. వీటిని మాత్రం వదులుకోవద్దని నా మనవి. మొదటిసారి ‘అణియం, అంటే ఓడ ముక్కు’ అని ఒక్క ముక్క రాస్తే చాలు, ఆ తర్వాత ఎవరూ తడబడరు.

గోదారి రేవు
నిలువుకొయ్య, అడ్డకొయ్య. వెతకాల్సిన పని లేదు. ఏది ఎలా ఉంటుందో పేరులోనే ఉంది. ‘తెరచాప కొయ్య’తో చిక్కు ఏమిటంటే తెరచాప రెండిటికీ సంబంధించిందే, కాబట్టి ఆ మాట దేన్నీ విడదీయదు. పైగా బల్ల మీది ఓడకు చాలాసార్లు తెరచాపే ఉండదు. విప్పిన తెరచాప ఆటగాళ్ల చూపుకు అడ్డం. చుట్టి కట్టినట్టు చూపిస్తేనే మేలు: టిష్యూ కాగితాన్ని ఫెవికాల్, నీళ్లు సమపాళ్లలో కలిపిన ద్రవంలో ముంచి, అడ్డకొయ్య కింద మడతలుగా నొక్కి, తడి ఆరకముందే దారంతో నాలుగైదు చోట్ల కట్టాలి. ఆరాక కడితే కాగితం పగులుతుంది.

ఇక జిగురు సంగతి. నిలువుకొయ్యకు 10 మి.మీ. గుండ్రటి కర్ర తీసుకోండి. డెక్ మీదుగా 25 నుంచి 30 సెం.మీ. ఎత్తు చాలు. నిజం ఓడ లెక్కన ఇంకా పొడవుండాలి, కానీ అలా పెడితే మోచెయ్యి తగిలినప్పుడల్లా ఓడ ఒరుగుతుంది. ఈ కర్రను దించే గుంట కనీసం 25 మి.మీ. లోతుండాలి. 5 మి.మీ. ఫోమ్ బోర్డు ముక్కలు ఐదు ఒకదాని మీద ఒకటి అతికిస్తే సరిగ్గా అంత లోతు వస్తుంది. ఫోమ్‌కు వట్టి రంధ్రం చేసి వదిలేస్తే నాలుగు ఆటలకే వెడల్పై కొయ్య ఊగుతుంది. అందుకని కర్రకు ముందు ఒక వరస సెల్లో టేపు చుట్టి, దాని మీద ఫెవికాల్ రాసిన కాగితం మూడు చుట్లు చుట్టండి. ఆరాక కర్రను లాగేస్తే గట్టి కాగితపు గొట్టం మిగులుతుంది. దాన్ని గుంటలో అతికించండి. టేపు చుట్టకపోతే గొట్టం కర్రకే పట్టేస్తుంది.

కర్ర కింది 25 మి.మీ. మేర రంగు వేయకండి. రంగు మందంతోనే కర్ర బిగుసుకుపోతుంది, వానాకాలంలో కలప ఉబ్బితే ఇక బయటికి రాదు. అక్కడ కొవ్వొత్తి రుద్దితే సరిపోతుంది.

గుండ్రటి గుంటలో గుండ్రటి కర్ర తిరుగుతుందని మరిచిపోవద్దు. కర్ర తిరిగితే అడ్డకొయ్య కూడా తిరిగి అంచున నిలబెట్టిన బొమ్మల్ని తోసేస్తుంది. గొట్టం చుట్టకముందే కర్ర అడుగును ఒక పక్క చదునుగా చెక్కండి. అప్పుడు గొట్టం లోపల కూడా ఆ చదును వస్తుంది. కర్ర ఒక్క తీరులోనే దిగుతుంది, దిగాక కదలదు.

పాచిక
అడ్డకొయ్య డెక్ నుంచి కనీసం 10 సెం.మీ. ఎత్తులో ఉండాలని రాయండి. అంతకన్నా తక్కువైతే దాని కింద చెయ్యి పట్టదు, బొమ్మను జరపలేం. ఉత్త జిగురుతో అతికిస్తే నిలవదు, గుండ్రటి కర్రలు రెండూ ఒక్క బిందువు దగ్గరే తాకుతాయి. 1 మి.మీ. రంధ్రం చేసి తీగ ముక్క గుచ్చి, సూపర్ గ్లూ వేసి, పైన దారం అడ్డంగా నిలువుగా చుట్టాలి. ఒక హెచ్చరిక: ఆ సూపర్ గ్లూ చుక్క ఫోమ్ మీద పడితే తినేస్తుంది. స్ప్రే రంగు కూడా అంతే. కొయ్యల పని ఓడకు దూరంగా ముగించుకోవాలి. ఓడకు కుంచెతో యాక్రిలిక్ రంగే వేయాలి.

ఇంకో మాట. ‘ఫోమ్ బోర్డు’ అని రాస్తే మన స్టేషనరీ కొట్లలో సన్‌బోర్డు చేతిలో పెడతారు. అది పీవీసీ పలక. ఫెవికాల్ దాని మీద సరిగ్గా పట్టదు, వంచితే వెనక్కి లేస్తుంది. ‘రెండు వైపులా కాగితం, మధ్యలో మెత్తటి నురగ ఉన్న పలక’ అని విడమరిచి రాయండి.

కుడి-ఎడమలకు నా ఓటు వలపల, దాపలకు. బల్ల చుట్టూ నలుగురూ నాలుగు వైపుల కూర్చుంటారు. ‘ఎడమ పక్క నుంచి దొంగలు ఎక్కుతున్నారు’ అంటే ఎవరి ఎడమ? కాడికి కట్టిన జతలో దాపటి ఎద్దు ఎటునుంచి చూసినా దాపటి ఎద్దే. ఓడకూ అదే కావాలి. అణియం వైపు ముఖం పెట్టి నిలబడితే ఎడమచేతి పక్క దాపల, కుడిచేతి పక్క వలపల. నౌకల్లో పోర్ట్, స్టార్‌బోర్డ్ అని విడిగా మాటలు ఉండటానికి కారణం కూడా ఇదే.

అట్టా కత్తెరా
నిలువుకొయ్య, అడ్డకొయ్య, దాపల, వలపల ఖాయం చేస్తున్నాం. డెక్ మాటేమిటి? ‘ఓడ పైతలం’ అని ఒకరు సూచించారు.

గోదారి రేవు
డెక్‌ను డెక్ అనే ఉంచండి. అందరికీ తెలిసిన మాట. ‘పైతలం’ అంటే కింది డెక్‌ను ఏమంటారు? ‘కింది పైతలం’ అనాలి! ‘పై డెక్, కింది డెక్, అమరం డెక్’ అంటే ముగిసింది. పై డెక్ ఎత్తితే పైకి వచ్చేలా ఉండాలి కాబట్టి ఈ తేడా ముఖ్యం. కింది గదిలో ఆట జరిగేటప్పుడు పై డెక్ తీసి పక్కన పెడతారు.

హల్‌ను మాత్రం ‘ఓడ అడుగు’ అని రాయకండి. ఈ ఓడకు నీళ్లలో మునిగే అడుగే లేదు. నీటి మట్టం దగ్గర కోసేసినట్టు చేస్తాం, లేకపోతే బల్ల మీద నిలబడదు. ఉన్నవి అడుగుపలక, రెండు పక్కగోడలు, అంతే. పక్కగోడ వంపు కోసం లోపలివైపు కాగితం ఒలిచేసి, నురగ మీద 5 మి.మీ.కొక గాటు పెట్టి వంచాలి. బయటి కాగితం దాకా గాటు దిగితే అక్కడ విరుగుతుంది.

ఇక అడుగుపలకకు ఒక వైపే నీళ్ల ఫెవికాల్ పూస్తే ఆరేటప్పుడు ఆ వైపుకు ముడుచుకుని అరటిదొన్నెలా లేస్తుంది. రెండు వైపులా పూసి, బరువు పెట్టి ఆరనివ్వాలి.

డెక్ అంచు మీద నిలబడే చిన్న గోడ 12 నుంచి 15 మి.మీ. చాలు. బొమ్మ నడుము దాకా వస్తుంది. ఎక్కువైతే బొమ్మలు కనపడవు.

పాచిక
కొలతల వాక్యంలో కూడా ఒక మార్పు. చిత్తుప్రతిలో ‘డెక్‌ను గళ్లుగా గీయండి’ అన్నారు. గీయక్కర్లేదు. ఆటలో 1 అంగుళం గడి 5 అడుగులకు సమానం. 5 మి.మీ. వెడల్పు కాఫీ కలిపే పుల్లలు ఐదు పక్కపక్కన పేరిస్తే దాదాపు ఒక గడి వెడల్పు. పుల్లల అతుకులన్నీ 1 అంగుళం గీత మీదే వచ్చేలా కోస్తే గడులు వాటంతటవే కనిపిస్తాయి, డెక్ మాత్రం చెక్క డెక్‌లాగే ఉంటుంది. ఐస్‌క్రీం పుల్ల వద్దు. 10 మి.మీ. వెడల్పు అంటే ఈ లెక్కన రెండడుగుల పలక, ఓడ కాస్తా తెప్పలా కనిపిస్తుంది. ఒక అంగుళం 25.4 మి.మీ. అని కూడా రాయండి. 25 అనుకుని కోసుకుంటూ పోతే 20 గడులకు 8 మి.మీ. తేడా వచ్చి చివరి గడిలో బొమ్మ పీఠం పట్టదు.

వెడల్పు గురించి కూడా చెప్పాలి. 2019లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఓడల నియమాల్లో సెయిలింగ్ షిప్ 100 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు. అంటే 20 గడులు, 4 గడులు. 4 గడుల్లో నిలువుకొయ్య, డెక్ మధ్య తలుపు పోగా పోరాటానికి చోటేదీ? 6 గడులు చేయమనండి. చూడటానికి కాస్త బొద్దుగా ఉన్నా ఆటకు అదే కావాలి.

నిఘంటువు పురుగు
అయితే చుక్కాని విషయంలోనూ జాగ్రత్త. మీ చిత్తుప్రతిలో డెక్ మీది చక్రాన్నీ, అమరం వెనక వేలాడే పలకనీ రెండిటినీ చుక్కాని అన్నారు. అసలు చుక్కాని ఆ పలకే. ‘చుక్కాని చక్రం’, ‘చుక్కాని పలక’ అని విడదీయండి. ఆ ఆట నియమాల్లో ఓడ నడిపే భాగానికీ, తెరచాపలకూ, ఓడ కట్టుబడికీ దెబ్బల లెక్క వేర్వేరుగా ఉంటుందని విన్నాను. పేర్లు కలిస్తే లెక్కా కలుస్తుంది.

పాచిక
అవును, వేర్వేరే. చక్రం పక్కన ఒక గడి ఖాళీగా వదలండి, చుక్కాని పట్టే బొమ్మకు నిలబడే చోటు కావాలి.

అట్టా కత్తెరా
సవరించిన వాక్యం: ‘నిలువుకొయ్యను గొట్టంలో బిగించండి. జిగురు రాయవద్దు. అడ్డకొయ్యను నిలువుకొయ్యకు తీగ గుచ్చి అతికించండి.’

గోదారి రేవు
‘బిగించండి’ తీసేసి ‘దించండి’ అనండి. బిగించమంటే సుత్తితో కొట్టేవాళ్లుంటారు, కాగితపు గొట్టం చీలిపోతుంది. దాని పక్కనే ‘చదును పక్క అమరం వైపు ఉండాలి’ అని చేర్చండి.