అమెరికాలో అధికారాన్ని అన్ని ముక్కలు ఎందుకు చేశారు?

ప్రశ్న (ఎంవీపీ కాలనీ, విశాఖ): గ్రూప్స్‌కి చదువుతున్నా. ప్రజలే సార్వభౌములంటూనే, ఆ ప్రజలు ఎన్నుకున్న కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) చేతులు కట్టేయడం ఏంటండీ? ద్వారకానగర్ లైబ్రరీలో ఫ్రెండ్, నేను గంటసేపు వాదించుకున్నాం, తేలలేదు.

జవాబు 1: ఇంగ్లిష్ తత్వవేత్త జాన్ లాక్ దగ్గర మొదలెట్టు తమ్ముడూ. హక్కులు ప్రభుత్వం ఇచ్చేవి కావు, వాటిని కాపాడటానికే జనం ప్రభుత్వాన్ని పెట్టుకుంటారు అన్నాడాయన. 1776 అమెరికా స్వాతంత్ర్య ప్రకటనలో పాలితుల సమ్మతి అన్నది అందుకే ఉంది.

జవాబు 2: అమెరికా రాజ్యాంగ రచనలో ముఖ్యుడైన జేమ్స్ మాడిసన్‌కి మనుషుల మీద పెద్ద నమ్మకం లేదు, మెజారిటీ మీద అసలే లేదు. అందుకే బిల్లు రెండు సభలూ దాటాలి, అధ్యక్షుడు వీటో చేస్తే రెండింటిలోనూ మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి, అదీ గట్టెక్కాక రాజ్యాంగ విరుద్ధమని కోర్టు కొట్టేయొచ్చు. కోర్టుకి ఆ అధికారం ఉందని రాజ్యాంగంలో నేరుగా రాయలేదు, 1803లో మార్బరీ కేసులో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి మార్షల్ తేల్చాడు. పరీక్షలో చాలామంది బోల్తా పడేది ఇక్కడే.

జవాబు 3: అంతా స్వేచ్ఛ కోసమే అంటే నేనొప్పుకోను. 1787లో అదే రాజ్యాంగంలో బానిసల్ని కాంగ్రెస్ దిగువసభలో రాష్ట్రాల సీట్ల లెక్కకి ఐదింట మూడు వంతులుగా కలిపారు, ఓటు మాత్రం లేదు.

ప్రశ్న అడిగినవారు: మరి ప్రాథమిక హక్కులకి విరుద్ధమైన చట్టాలు చెల్లవనే మన రాజ్యాంగం 13వ అధికరణం?

జవాబు 2: ఆలోచన అక్కడిదే. కాకపోతే మనవాళ్లు కోర్టు చెప్పేదాకా ఆగకుండా ముందే రాసిపెట్టారు.