కొత్త స్టాఫ్‌కి వెంటిలేటర్ పేషెంట్‌ని ఎలా అప్పజెప్పాలి? మీ అనుభవాలు చెప్పండి

ఐసీయూ_అక్క:
అందరికీ నమస్తే. మాది జిల్లా కేంద్రంలో 10 పడకల ఐసీయూ. ఈ నెల ఆరుగురు కొత్త అమ్మాయిలు చేరారు, నలుగురు జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా), ఇద్దరు బీఎస్సీ. చదువులో మంచివాళ్లే, వెంటిలేటర్ మోడ్‌ల పేర్లు గడగడా చెప్పేస్తారు. మొన్న రాత్రి హై ప్రెషర్ అలారం మోగితే అందులో ఒకమ్మాయి నాలుగుసార్లు సైలెన్స్ బటన్ నొక్కింది. అక్కడ పేషెంట్ ట్యూబ్ కొరుకుతున్నాడు. శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 84కి పడ్డాక నన్ను పిలిచింది. బైట్ బ్లాక్ (ట్యూబ్ కొరక్కుండా పళ్ల మధ్య పెట్టే ముక్క) పెట్టాం, సర్దుకుంది. ఆ పిల్లని తిట్టలేదు, నేను చేరిన కొత్తలో ఇంతకంటే పెద్ద తప్పు చేశాను. మా దగ్గర ట్రైనింగ్ అంటే గంట పవర్‌పాయింట్, చివర్లో ఒక సంతకం. అసలు ఎక్కడ మొదలుపెట్టాలి? మీకెలా నేర్పారు?

నైట్‌డ్యూటీ_9ఏళ్లు:
అక్కా, మొదటి వారం స్క్రీన్ చూడనివ్వకండి. మా ఇన్‌చార్జ్ మేడమ్ తను పక్కనే ఉండి, మమ్మల్ని మెషిన్‌కి వీపు పెట్టి నిలబడమనేవారు. ఛాతీ రెండు వైపులా సమానంగా లేస్తోందా, పెదవి దగ్గర ట్యూబ్ మీద ఏ నంబర్ కనిపిస్తోంది, గొంతులో గరగర ఉందా, చెమట పట్టిందా, మెడ కండరాలు లాగుతున్నాయా. ఇవన్నీ చెప్పాకే ఇటు తిరగనిచ్చేవారు. అప్పట్లో ఆవిడంటే ఒళ్లు మండేది. ఇప్పుడు నేనూ అదే చేస్తున్నాను, నా జూనియర్లకి నా మీద మండుతోంది.

ఇంకొకటి. హ్యాండోవర్ తీసుకోగానే ఫైల్ తెరవకుండా ముందు మంచం తల వైపు చూడాలి. అంబు బ్యాగ్ (చేత్తో నొక్కి ఊపిరి ఇచ్చే సంచి) ఉందా, మాస్క్ ఉందా, దాని పైపు ఆక్సిజన్‌కి తగిలించి ఉందా, కఫం తీసే సక్షన్ లాగుతోందా. అంబు బ్యాగ్ పక్క బెడ్ వాళ్లు పట్టుకెళ్లారన్న సంగతి పేషెంట్ నీలంగా మారాక తెలిసిన రోజు నాకు ఇంకా గుర్తుంది.

మత్తు_డాక్టర్:
అలారం సంగతి చెప్తాను. హై ప్రెషర్ అంటే గాలికి ఎక్కడో అడ్డు: కొరకడం, ట్యూబ్ మడత, కఫం, దగ్గు, ఊపిరితిత్తి బిగుసుకుపోవడం. లో ప్రెషర్ అంటే గాలి ఎక్కడో పోతోంది: సర్క్యూట్ (మెషిన్ పైపులు) ఊడింది, కఫ్ (శ్వాసనాళంలో ట్యూబ్ చుట్టూ ఉబ్బే బెలూన్) లీక్. కొత్తవాళ్లకి ఈ రెండూ తెలిస్తే సగం భయం పోతుంది.

పేషెంట్ ఉన్నట్టుండి పడిపోతుంటే మాత్రం కారణాల గురించి ఆలోచిస్తూ నిలబడొద్దు. కేక వేయాలి, వెంటిలేటర్ నుంచి విప్పి 100 శాతం ఆక్సిజన్‌తో బ్యాగ్ చేయాలి. బ్యాగ్ తేలిగ్గా నొక్కుకుపోయి, ఛాతీ లేచి శాచురేషన్ పెరిగితే తప్పు మెషిన్‌లోనో సర్క్యూట్‌లోనో ఉంది. బ్యాగ్ గట్టిగా ఉంటే ట్యూబ్‌లోనో ఛాతీలోనో ఉంది. తర్వాత 'డోప్' (DOPE) అక్షరాల వరసలో వెతకండి: ట్యూబ్ జరిగిందా (డిస్‌ప్లేస్‌మెంట్), మూసుకుపోయిందా (అబ్‌స్ట్రక్షన్), న్యూమోథొరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం) వచ్చిందా, పరికరం (ఎక్విప్‌మెంట్) చెడిందా. ఒక జాగ్రత్త, పీప్ (ఊపిరి వదిలాక కూడా ఊపిరితిత్తి ముడుచుకోకుండా ఉంచే ఒత్తిడి) 12, 14 మీద ఉన్న పేషెంట్‌ని చిన్న అలారానికల్లా విప్పకూడదు. విప్పిన ప్రతిసారీ తెరుచుకున్న ఊపిరితిత్తి మళ్లీ ముడుచుకుంటుంది.

గోదారి_స్టాఫ్‌నర్స్:
నేను పుస్తకం మాట చెప్పను. మా వైపు వెంటిలేటర్ మీదికి వచ్చేవాళ్లలో పురుగుల మందు తాగినవాళ్లు, పాము కాటు వాళ్లు ఎక్కువ.

ఒకసారి కట్లపాము కాటుతో పద్దెనిమిదేళ్ల కుర్రాడు వచ్చాడు. కనురెప్ప ఎత్తలేడు, వేలు కదపలేడు. కంటి పాప పెద్దదై వెలుగు వేసినా చలించలేదు. ఎవరు చూసినా అయిపోయిందనుకునే స్థితి. మేం మంచం పక్కనే నిలబడి "ఇక కష్టమే, ఇంట్లోవాళ్లకి చెప్పెయ్యాలి" అని మాట్లాడుకున్నాం. నాలుగో రోజు వేళ్లు కదిలాయి. ట్యూబ్ తీసిన మర్నాడు నన్ను చూసి "సిస్టర్, మీ గొంతు నాకు తెలుసు. కష్టమే అన్నది మీరే కదా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆ విషం కండరాలను పడేస్తుంది, తెలివిని ముట్టుకోదు. వాడు అన్నీ విన్నాడు.

అప్పటి నుంచి కొత్త స్టాఫ్‌కి నేను మొదట నేర్పేది సక్షన్ కాదు. "బాబూ, ఇప్పుడు పక్కకి తిప్పుతున్నాం", "కఫం తీస్తున్నాం, దగ్గు వస్తుంది" అని చెప్పి చేయడం. పేరు పెట్టి పిలవడం. సిగ్గుపడతారు, గోడతో మాట్లాడినట్టుందంటారు. అలవాటైపోతుంది.

పురుగుల మందు కేసులో ఒక సూచన. రెండో రోజో మూడో రోజో పేషెంట్ బాగానే ఉన్నాడు, కఫం తగ్గింది, ట్యూబ్ తీసేద్దాం అనుకుంటాం. ముందు తల దిండు మీంచి ఎత్తమనండి. మెడ లేవకపోతే వెంటనే డాక్టరుకి చెప్పండి. మెడ బలహీనత తర్వాత ఊపిరి కండరాలూ పడిపోవచ్చు.

నైట్‌డ్యూటీ_9ఏళ్లు:
@గోదారి, ఆ కుర్రాడి మాట చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను.

లీడ్స్‌లో_గుంటూరమ్మాయి:
నేను ఇక్కడికి, ఇంగ్లండ్‌కి, వచ్చేనాటికి ఇండియాలో నాలుగేళ్లు ఐసీయూలో చేశాను. అయినా మొదటి ఆరు వారాలు నాకంటూ పేషెంట్‌ని ఇవ్వలేదు. డ్యూటీ లెక్కలో లేని అదనపు మనిషిగా ఒక సీనియర్ వెంట తిరగాలి. ఇక్కడి ప్రమాణాల్లోనే కనీసం ఆరు వారాలని ఉంది. ఒక పుస్తకం ఇస్తారు. అందులో ఒక్కో పని మనం చేస్తుంటే చూసి సంతకం పెడతారు. చదివి వచ్చామంటే పెట్టరు.

నా సక్షన్‌కి మొదటిసారి సంతకం పెట్టలేదు! రెండు తప్పులు. ఒకటి, ముందు 100 శాతం ఆక్సిజన్ ఇవ్వలేదు. రెండు, అలవాటు కొద్దీ ట్యూబ్‌లో సెలైన్ పోశాను. కఫం పలచబడుతుందని మనకు నేర్పారు కదా, దానివల్ల శాచురేషన్ పడిపోవడం తప్ప పెద్ద లాభం లేదట. క్యాథెటర్ (కఫం లాగే సన్నని గొట్టం) లావు ట్యూబ్ లోపలి వెడల్పులో సగం దాటకూడదు, అంటే 8 నంబర్ (8 మి.మీ.) ట్యూబ్‌కి 12 ఫ్రెంచ్ (4 మి.మీ.). లోపలికి వెళ్లి బయటికి రావడం 15 సెకన్లలో అయిపోవాలి. మా మెంటర్ "నువ్వూ ఊపిరి బిగబట్టి చెయ్యి" అనేది. అదొక్కటీ ఎప్పటికీ మర్చిపోను.

ఐసీయూ_అక్క:
ఆరు వారాలా తల్లీ! మా దగ్గర ఆరు గంటలు దొరికితే గొప్ప. వెంటిలేటర్ పేషెంట్‌కి ఒక నర్సు అని రూల్ మనకీ ఉంది, ఫైల్లో చక్కగా ఉంది. రాత్రిపూట ముగ్గురికి ఒకరు. నేను నేర్పేది ఆ లెక్కలోనే నేర్పాలి.

మత్తు_డాక్టర్:
అలాంటి చోట చవకగా అయ్యేవి పట్టుకోండి. తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచడానికి రూపాయి ఖర్చు లేదు. మన కంటి లెక్కన 30 అనుకునేది చాలాసార్లు 15 ఉంటుంది, మంచం మీద గుర్తు గీయండి. కఫ్ ప్రెషర్ 20 నుంచి 30 సెం.మీ. నీటి ఒత్తిడి మధ్య. వేలితో బెలూన్ నొక్కి "సరిపోయింది" అనే అలవాటు మాన్పించండి, మానోమీటర్ (ఆ ఒత్తిడి కొలిచే మీటర్) కొనిపించండి. సర్క్యూట్‌లో చేరిన నీళ్లు పేషెంట్ వైపు పోనీయకుండా పారబోయడం కూడా నేర్పాల్సిన పనే.

ఇంకో ముఖ్యమైనది. పేషెంట్ పొడవు టేపుతో కొలవండి. టైడల్ వాల్యూమ్ (ఒక్కో ఊపిరికి ఇచ్చే గాలి) పొడవుని బట్టి వేసే బరువు మీద లెక్క, మంచం మీద కనిపించే బరువు మీద కాదు. 152 సెంటీమీటర్ల ఆడమనిషి ఎంత లావున్నా లెక్కకి దాదాపు 45 కిలోలే. కిలోకి 6 చొప్పున 270 మిల్లీలీటర్లు. ఏఆర్‌డీఎస్‌లో (ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిన్న స్థితి) కిలోకి 12 బదులు 6 ఇస్తే మరణాలు దాదాపు 40 శాతం నుంచి 31కి తగ్గాయని 2000లో వచ్చిన అమెరికా అధ్యయనం తేల్చింది. డాక్టర్ 450 పెట్టి వెళ్తే "సార్, ఈవిడ పొడవు ఇంత" అని అడిగే నర్సు కావాలి నాకు. అడిగినందుకు కసిరే డాక్టర్లున్నారు, తెలుసు. అది మా వైపు తప్పు.

గోదారి_స్టాఫ్‌నర్స్:
సార్, నోరు శుభ్రం చేయడం గురించి చెప్పండి. క్లోర్‌హెక్సిడిన్ (క్రిములను చంపే మందు) వాడాలా వద్దా? మాకు రోజుకు మూడుసార్లు అని చార్ట్‌లో ఉంది.

మత్తు_డాక్టర్:
అమెరికా సంఘాల 2022 మార్గదర్శకాలు దాన్ని పక్కన పెట్టి బ్రష్‌తో పళ్లు తోమమన్నాయి. మీ ఆసుపత్రి పాలసీ మారేదాకా చార్ట్ ప్రకారం చేయండి, బ్రష్ మాత్రం ఇప్పుడే మొదలుపెట్టొచ్చు.

నాన్నకొడుకు:
నేను నర్సుని కాదు, క్షమించాలి. మా నాన్న పదకొండు రోజులు వెంటిలేటర్ మీద ఉన్నారు. ట్యూబ్ లాగేసుకుంటారని చేతులు కట్టేశారు. ఆయన కళ్లతో ఏదో అడిగేవారు, మాకు అర్థమయ్యేది కాదు. ఒక సిస్టర్ అఆల చార్ట్ తెచ్చారు. తెలుగులో గుణింతాలు, ఒత్తులు వేలితో చూపించాలంటే ఆరోగ్యంగా ఉన్నవాడికే ఓపిక చాలదు. ఆవిడే మర్నాడు అట్టముక్క మీద బొమ్మలు గీసుకొచ్చారు: నొప్పి, దాహం, తిప్పండి, దురద, ఇంటివాళ్లు. నాన్న చూపించింది దురద! ముక్కు మీద ప్లాస్టర్ కింద. మూడు రోజులుగా ఆయన అడుగుతున్నది అదే.

ఐసీయూ_అక్క:
@నాన్నకొడుకు, క్షమాపణ దేనికి బాబూ. బొమ్మల అట్ట రేపే చేయిస్తాను, దురద మొదట ఉంటుంది.

ఐసీయూ_అక్క:
రెండు వారాల తర్వాత చెప్తున్నా. పక్కన పడేసిన పాత వెంటిలేటర్ బయోమెడికల్ వాళ్లతో ఆన్ చేయించాం. పేషెంట్‌కి వాడం, నేర్చుకోడానికే. టెస్ట్ లంగ్ (ఊపిరితిత్తికి బదులు తగిలించే రబ్బరు సంచి) లేదు, గ్లోవ్ కట్టాం. రోజూ షిఫ్ట్ మారే ముందు పదిహేను నిమిషాలు ఒకరు పైపు మడతపెట్టడం, ఒకరు ఊడదీయడం, మూడో పిల్ల కళ్లు మూసుకుని అలారం విని ఏమైందో చెప్పడం. గ్లోవ్ రెండుసార్లు పేలింది, నవ్వలేక చచ్చాం. సైలెన్స్ నొక్కిన అమ్మాయే ఇప్పుడు అందరికంటే ముందు బ్యాగ్ అందుకుంటోంది. మెషిన్‌కి వీపు పెట్టి నిలబడటం మాత్రం ఇంకా ఎవరికీ నచ్చలేదు.

మానోమీటర్ ఇండెంట్ (కొనమని పంపిన కాగితం) వెనక్కి వచ్చింది, "అవసరం వివరించండి" అని రాశారు. ఎవరి దగ్గరైనా శాంక్షన్ అయిన ఇండెంట్ నమూనా ఉంటే ఇక్కడ పెట్టండి.